పసుపు జెర్సీ, గచ్చిబౌలి సాయంకాలాలు

2019 నవంబరు 2, శనివారం. ఆ రోజు మధ్యాహ్నం మూడు గంటలకే మా నాన్నగారు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, మల్కాజిగిరిలోని మా ఇంటి వరండాలో కుర్చీలో కూర్చుని నా కోసం ఎదురుచూస్తున్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై మూడేళ్ళు. మోకాళ్ళ నొప్పుల వల్ల మా వీధి చివర గుడికి వెళ్ళడం కూడా మానేసిన మనిషి, నగరం ఈ కొస నుంచి ఆ కొసన ఉన్న గచ్చిబౌలి దాకా వస్తానని వారం ముందే మాట తీసుకున్నారు. ఇండియన్ సూపర్ లీగ్‌లో ఆడుతున్న హైదరాబాద్ ఎఫ్‌సీ అనే కొత్త ఫుట్‌బాల్ జట్టు ఆ సాయంత్రం మొదటిసారి సొంత ఊరిలో ఆడబోతోంది. అంతకు ఎనిమిది రోజుల క్రితమే ఆ జట్టు కోల్‌కతాలో అయిదు గోల్స్ తేడాతో ఓడిపోయింది. నాలుగు రోజులు తిరగకుండా జంషెడ్‌పూర్‌లో 3-1 తేడాతో మళ్ళీ ఓడిపోయింది. ఓడిపోయే జట్టును చూడటానికి అంత దూరం ఎందుకని అమ్మ అడిగితే, "గెలిచేదాన్ని ఎవరైనా చూస్తారు, మన ఊరి పేరు పెట్టుకుని ఆడుతున్నారు కదా" అన్నారాయన.

స్టేడియంలోకి అడుగుపెట్టగానే మాకు కనిపించింది పసుపు రంగు. మా జట్టు రంగు కూడా పసుపే అయినా, ఆ రోజు గ్యాలరీలో ఉన్న పసుపులో చాలా భాగం ఎదుటి జట్టు కేరళ బ్లాస్టర్స్ వాళ్ళది. మన నగరంలో ఉద్యోగాలు చేసుకుంటున్న మలయాళీ కుర్రాళ్ళు, నర్సింగు చదువుతున్న అమ్మాయిలు డప్పులతో, జెండాలతో గంట ముందే వచ్చి కూర్చున్నారు. మన వాళ్ళు అక్కడక్కడా గుంపులుగా, ఎప్పుడు ఏమని అరవాలో ఇంకా తెలియని వాళ్ళలా ఉన్నారు. 34వ నిమిషంలో కేరళ జట్టు కుర్రాడు రాహుల్ గోల్ కొట్టినప్పుడు మా సొంత మైదానంలో మేమే పరాయివాళ్ళమైనట్టు అనిపించింది. విరామం తరువాత మా స్టాంకోవిచ్ పెనాల్టీతో లెక్క సరిచేశాడు. 81వ నిమిషంలో మార్సెలీన్యో కొట్టిన ఫ్రీ కిక్ నేరుగా వలలో పడినప్పుడు, మోకాళ్ళ సంగతి మరిచిపోయి మా నాన్నగారు లేచి నిలబడ్డారు. ఆయన అరవలేదు, చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ ముందు సీటు మీద ఆనించి చాలాసేపు మైదానం వైపు చూస్తూ ఉండిపోయారు. తిరుగు ప్రయాణంలో మెహదీపట్నం దాటాక, "రహీం సాబ్ పోయాక ఇన్నేళ్ళకు ఈ ఊరి పేరు మళ్ళీ విన్నాను రా" అన్నారు.

ఆ మాట బరువు తెలియాలంటే ఆయన బాల్యం గురించి కొంత చెప్పాలి. ఇప్పుడు లాల్ బహదూర్ స్టేడియం అని పిలిచే చోటు ఆయన చిన్నతనంలో ఫతే మైదాన్. మా తాతగారి వేలు పట్టుకుని అక్కడికి వెళ్ళి ఆయన చూసినది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచిన జట్టు అది. కోల్‌కతా పెద్ద జట్లను ఓడించి ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును కూడా తెచ్చుకున్న జట్టు. దానిని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడి పంతులు. ఎవరి దగ్గరా బంతి ఎక్కువసేపు నిలవకూడదనీ, వచ్చిన బంతిని వచ్చినట్టే పక్కవాడికి అందించాలనీ ఆయన సిద్ధాంతం. అది అలవాటు కావడానికి డ్రిబ్లింగు, అంటే బంతిని కాళ్ళతో తోసుకుంటూ పోవడం, లేకుండా ఆడే పోటీలు కూడా పెట్టించారని నాన్నగారు ఎన్నోసార్లు చెప్పేవారు. ఆ రహీం గారి శిక్షణలోనే మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం గెలిచింది. ఆ మరుసటి సంవత్సరం జూన్‌లో ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. అప్పుడు మా నాన్నగారికి పదిహేడేళ్ళు.

రహీం గారు బతికి ఉన్న రోజుల్లోనే మన ఆటగాళ్ళు కోల్‌కతాకు వెళ్ళడం మొదలైంది. మా ఇంటికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు వెళ్ళి, చివరకు హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలోనే స్థిరపడిపోయారు. ఆ తరువాతి తరంలో నయీముద్దీన్, హబీబ్, అక్బర్ కూడా అదే దారి పట్టారు. 1977లో పెలే ఉన్న న్యూయార్క్ కాస్మోస్ జట్టు మీద ఈడెన్ గార్డెన్స్‌లో మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాదీ అని పేపరులో చదివి నాన్నగారు సంతోషించారట. ఆ సంతోషంలో కొంత దిగులు ఉండేది. ఆటగాళ్ళ మీద ఆయనకు ఎన్నడూ కోపం లేదు. అక్కడ పేరు ఉంది, డబ్బు ఉంది, లక్షమంది చూసే జనం ఉన్నారు. ఇక్కడ ఆటను చూసుకోవలసిన పెద్దలు దానిని పట్టించుకోలేదన్నదే ఆయన బాధ. అరవై ఏళ్ళుగా ఆయన మనసులో ఉన్న ఆ బాధే 2019లో ఆయన చేత ఇస్త్రీ చొక్కా వేయించింది.

ఆ మొదటి సీజన్‌లో మేము సంతోషించవలసినవి ఎక్కువ లేవు. పద్దెనిమిది ఆటల్లో పది పాయింట్లు, పట్టికలో అట్టడుగు స్థానం. సీజన్ మధ్యలోనే కోచ్ మారాడు. అయినా దాదాపు ప్రతి ఆటకూ మేము వెళ్ళాం. మా పక్క వరుసలో 'డెక్కన్ లీజియన్' అనే మా జట్టు అభిమానుల బృందం కుర్రాళ్ళు కూర్చునేవారు. వాళ్ళలో చాలామందికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళు మించి ఉండవు. సొంత డబ్బులతో బట్ట కొని, రాత్రిళ్ళు మేల్కొని బ్యానర్లు రాసుకుని వచ్చేవారు. నాన్నగారిని వాళ్ళు 'తాతా' అని పిలిచేవారు. విరామ సమయంలో ఆయన చుట్టూ చేరి, ఫతే మైదాన్ కబుర్లు చెప్పించుకునేవారు. సిటీ పోలీస్ పేరు కూడా అంతకుముందు వినని ఆ పిల్లలు నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, యూసుఫ్ ఖాన్ పేర్లు కాగితం మీద రాసుకుని వెళ్ళడం నేను చూశాను. ఓటమి మీద ఓటమి చూస్తూ కూడా ఆ చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాలనిపించడానికి నాకు సంబంధించినంతవరకు కారణం అదే.

తరువాత కోవిడ్ వచ్చింది. రెండు సీజన్లు మొత్తం గోవాలోనే, జనం లేని స్టేడియాల్లో జరిగాయి. మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ కోచ్ వచ్చి, ఎవరికీ పెద్దగా తెలియని భారతీయ కుర్రాళ్ళ మీద నమ్మకం పెట్టి జట్టును మార్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశీష్ రాయ్ వంటి పిల్లలు రెండు పక్కల నుంచీ పరుగులు తీస్తుంటే, బంతిని ఎక్కువసేపు పట్టుకోకుండా పక్కవాడికి అందిస్తుంటే, టీవీ ముందు కూర్చున్న నాన్నగారు "అదీ, అదీ" అంటూ తల ఊపేవారు. 2021-22లో నైజీరియా నుంచి వచ్చిన ఒగ్బెచే ఒక్కడే పద్దెనిమిది గోల్స్ కొట్టాడు.

2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో ఫైనల్. ఎదుట మళ్ళీ కేరళ బ్లాస్టర్స్. అప్పటికి జనాన్ని అనుమతించడం వల్ల, కేరళ నుంచి రైళ్ళలో, బస్సుల్లో, మోటారు సైకిళ్ళ మీద కూడా అభిమానులు వచ్చి ఆ స్టేడియాన్ని నింపేశారు. మా ఇంట్లో అమ్మ, నాన్నగారు, నేను, మా అమ్మాయి నలుగురమే. 68వ నిమిషంలో గోల్ కొట్టింది గచ్చిబౌలిలో మా మీద మొదటి గోల్ కొట్టిన ఆ రాహులే. ఇక అయిపోయిందనుకుని అమ్మ వంటింట్లోకి వెళ్ళిన తరువాత, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి తన్నిన బంతి వలలోకి దూసుకుపోయింది. చివరకు పెనాల్టీలు. మా గోల్ కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. హాలీచరణ్ నర్జారీ చివరి బంతిని లోపలికి కొట్టగానే 3-1. హైదరాబాద్ అన్న పేరుతో ఉన్న ఒక జట్టు దేశంలోకెల్లా పెద్ద కప్పు ఎత్తుకోవడం నాన్నగారు తన ముసలితనంలో చూశారు. ఆ రాత్రి ఆయన భోజనం చేయలేదు. ఆకలి లేదని చెప్పి, కప్పు ఇచ్చే దృశ్యాన్ని ఎన్నిసార్లు చూపిస్తే అన్నిసార్లూ చూశారు. మరునాడే నేను మా అందరికీ పసుపు జెర్సీలు తెప్పించాను.

ఆ ఏడాది చివర జట్టు గచ్చిబౌలికి తిరిగి వచ్చింది. నాకు గుర్తున్నంతలో ఆ చలికాలమే మా ఇంటికి అన్నిటికంటే సంతోషకరమైన చలికాలం. నలభై రెండు పాయింట్లతో రెండో స్థానం. 2023 ఫిబ్రవరి 16న బలరాం గారు ఉత్తర్‌పాడా నుంచి తిరిగి రాకుండానే కోల్‌కతాలో పోయారన్న వార్త వచ్చినప్పుడు, ఆ తరువాతి ఆటకు నాన్నగారు జెర్సీ వేసుకోకుండా మళ్ళీ తెల్ల చొక్కాతోనే వచ్చారు. సెమీఫైనల్లో ఏటీకే మోహన్ బగాన్‌తో రెండు ఆటల్లోనూ ఒక్క గోల్ కూడా పడలేదు. పెనాల్టీలలో ఓడిపోయాం. ఓటమి బాధించింది కానీ అవమానంగా అనిపించలేదు. వచ్చే ఏడాది చూసుకుందామని ఒకరికొకరం చెప్పుకుని విడిపోయాం.

ఆ వచ్చే ఏడాది ఏమైందో పత్రికలు చదివిన వాళ్ళందరికీ తెలుసు. కోచ్ మార్కెజ్ వెళ్ళిపోయాడు. ఆటగాళ్ళకు జీతాలు అందడం లేదన్న వార్తలు మొదలయ్యాయి. పాత బకాయిల మీద ఫిర్యాదులు ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా దాకా వెళ్ళి, కొత్తవాళ్ళను నమోదు చేసుకోకుండా నిషేధం పడింది. సీజన్ సగం గడిచేసరికి కప్పు గెలిచిన జట్టులో వాళ్ళు ఒకరి తరువాత ఒకరు ఒప్పందాలు తెంచుకుని వేరే ఊళ్ళకు వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళలో మిగిలింది కెప్టెన్ జోవో విక్టర్ ఒక్కడే. అతనితో పాటు రిజర్వు జట్టు నుంచి వచ్చిన, మీసాలు కూడా సరిగా రాని కుర్రాళ్ళు మిగిలారు. జనవరి తరువాత గచ్చిబౌలి గ్యాలరీలు ఎంత పలచబడ్డాయంటే, ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకునే కేకలు మాకు స్పష్టంగా వినిపించేవి.

నేను అన్నిటికంటే ఎక్కువగా గుర్తుచేసుకునేది ఆ ఖాళీ స్టేడియంలో మా వరుసలో జరిగిన వాదన. సగం మంది ఇక రాకూడదన్నారు. టిక్కెట్టు కొంటే ఆ డబ్బు యాజమాన్యానికి వెళుతుందనీ, సీట్లు నిండితే అంతా బాగానే ఉందని వాళ్ళు అనుకుంటారనీ, ఖాళీ గ్యాలరీ ఒక్కటే వాళ్ళకు అర్థమయ్యే భాష అనీ వాళ్ళ వాదన. మిగిలిన సగం మంది, జీతం రాకపోయినా మైదానంలోకి దిగుతున్న పిల్లలను వదిలేసి ఇంట్లో కూర్చోవడం ఏ రకమైన అభిమానమని అడిగారు. రెండు వైపులా నిజం ఉంది. నేను మొదటి పక్షం. నాకు ఆ రోజుల్లో రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. గెలిచిన జట్టును రెండేళ్ళలో ఇంత చేతులారా ఎలా పాడుచేసుకుంటారు, అభిమానులకు ఒక్క మాట చెప్పవలసిన బాధ్యత ఎవరికీ లేదా అని కడుపు మండిపోయేది. మన దేశంలో లీగ్ జట్టు అంటే ఒక కంపెనీ చేతిలోని హక్కు పత్రం. ఆ కంపెనీ లెక్కలు, నిర్ణయాలు అడిగే అధికారం గ్యాలరీలో కూర్చున్న వాడికి ఏ రూపంలోనూ లేదు. జర్మనీలో చాలా క్లబ్బులలో సగానికి మించిన ఓటు హక్కు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉందని మా లీజియన్ కుర్రాడొకడు చెప్పినప్పుడు, అది కథలో మాటలా వినిపించింది.

నాన్నగారు మాత్రం రెండో పక్షం. ఆయన పెద్దగా వాదించలేదు. "మేం ఫతే మైదాన్‌కి పోలీసు డిపార్ట్‌మెంటును చూడటానికి వెళ్ళేవాళ్ళమా? ఆడేవాళ్ళ కోసం వెళ్ళేవాళ్ళం" అన్నారు. అంతే, తరువాతి ఆటకు కూడా వెళ్ళాం. అంతకు కొన్ని నెలల ముందు, 2023 ఆగస్టు 15న, హబీబ్ గారు మన నగరంలోనే కన్నుమూశారు. ఊరు వదిలి వెళ్ళి పేరు తెచ్చుకుని ఊరికే తిరిగి వచ్చిన ఆ మనిషిని తలచుకుంటూ, ఆ చలికాలమంతా నాన్నగారు ఎక్కువగా మౌనంగానే ఆటలు చూశారు.

ఆ సీజన్ మొత్తానికి ఎనిమిది పాయింట్లు, ఒకే ఒక్క గెలుపు. 2024 మార్చి 10న చెన్నైలో చెన్నైయిన్ జట్టు మీద 1-0. ఆ ఆటను మేము టీవీలో చూశాం. చివరి ఈల వినపడగానే ఆ కుర్రాళ్ళు కప్పు గెలిచినట్టు ఒకరి మీద ఒకరు పడిపోయి ఏడ్చారు. మా ఇంట్లోనూ అందరికీ కళ్ళు చెమర్చాయి. ఫటోర్డా రాత్రి కంటే ఆ రాత్రే నాకు ఎక్కువ విలువైనదని ఈ రోజుకూ అనుకుంటాను.

తరువాత యాజమాన్యం చేతులు మారింది. కొత్తవాళ్ళు వచ్చారు, అప్పులు తీరతాయన్న ఆశ వచ్చింది, మేము మళ్ళీ నమ్మాం. నమ్మడం తప్ప మా చేతిలో ఇంకేముంది? పద్దెనిమిది పాయింట్లతో పన్నెండో స్థానం. 2025 మార్చి 12, బుధవారం, సీజన్ చివరి ఆట గచ్చిబౌలిలో. విధి ఎలా కలిపిందో కానీ, మొదటి ఆటలో లాగే ఎదుట కేరళ బ్లాస్టర్స్. ఆ జట్టు మొదట్లోనే గోల్ కొట్టింది. విరామానికి కాస్త ముందు మా సౌరవ్ గాల్లోకి లేచి, గోల్‌కు వీపు పెట్టి, తల మీదుగా వెనక్కి తన్నిన బంతి వలలో పడింది. 1-1. వయసు మీద పడటంతో నాన్నగారు ఈసారి లేచి నిలబడలేకపోయారు. నా చేయి పట్టుకుని గట్టిగా నొక్కారు. బయటకు వస్తూ, మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగి మైదానాన్ని ఒకసారి చూశారు. ఆయనది అలసట అనుకున్నాను. అదే మా చివరి ఆట అవుతుందని మా ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

అక్టోబరులో వార్త వచ్చింది. జట్టు ఢిల్లీకి వెళ్ళిపోతోంది, ఇకపై దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. నేను ఆఫీసులో భోజనం చేస్తూ ఫోనులో చదివాను. సాయంత్రం ఇంటికి వెళ్ళి నాన్నగారికి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తే, ఆయన అప్పటికే టీవీలో చూసేశారు. "ఆటగాళ్ళు పోవడం నేను చూశాను. జట్టుకు జట్టే పోవడం మాత్రం ఇదే చూడటం" అన్నారు. ఆ తరువాత ఆ విషయం ఆయన ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు ఒక సంగతి తట్టి, సిగ్గుతో నిద్ర పట్టలేదు. మా జట్టు ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2019లో ఎఫ్‌సీ పుణె సిటీ మూతపడితే, ఆ స్థానంలో పుట్టింది హైదరాబాద్ ఎఫ్‌సీ. అంటే మేము ఇస్త్రీ చొక్కా వేసుకుని బయలుదేరిన నాటికి, పుణెలో బాలేవాడి స్టేడియానికి అయిదేళ్ళు తిరిగిన 'ఆరెంజ్ ఆర్మీ' కుర్రాళ్ళు తమ బ్యానర్లు మడిచి పెట్టుకున్నారు. అదే సంవత్సరం ఢిల్లీ జట్టు భువనేశ్వర్‌కు వెళ్ళి ఒడిశా ఎఫ్‌సీ అయింది. ఇప్పుడు ఢిల్లీ వాళ్ళు సంతోషిస్తుంటే, ఆరేళ్ళ క్రితం వాళ్ళూ మాలాగే కూర్చుని ఉంటారు. మా ఆనందంలో ఎవరి కన్నీళ్ళు ఉన్నాయో మేము అప్పుడు ఒక్కసారైనా అడగలేదు.

నాతో పాటు పుణెలో నాలుగేళ్ళు పనిచేసిన ఒక మిత్రుడు ఆ ఆరెంజ్ ఆర్మీలో ఉండేవాడు. నారింజ రంగు జెర్సీతో ఆఫీసుకు వచ్చేవాడు. 2019లో అతని జట్టు పోయినప్పుడు నేను పలకరించలేదు. హైదరాబాద్‌కు జట్టు వచ్చిందన్న సంబరంలో ఉన్నాను. మరునాడు ఉదయం అతనికి ఫోన్ చేశాను. నేను ఎందుకు చేశానో చెప్పకముందే అతనికి అర్థమైంది. వార్త చూశానన్నాడు. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాడు. ఆరేళ్ళు ఆలస్యమైనందుకు క్షమించమని అడిగితే, దానిని వినిపించుకోనట్టుగా, మీ జెర్సీలు ఇంకా ఉన్నాయా అన్నాడు. ఉన్నాయి, నాలుగూ ఉన్నాయన్నాను.

"ఎవరికీ ఇచ్చేయకు. నాది ఇప్పటికీ బీరువాలోనే ఉంది. ఏడాదికోసారి తీసి, ఎండలో వేసి, మళ్ళీ మడత పెడతాను" అన్నాడు.